పోషణ సంఘం వారి చిలగడదుంపలు

ఆఫ్రికాలో వానలు తమకి తోచినప్పుడు మాత్రమే కురిసే చోట ఒక పెద్ద అడవి ఉంది. ఒక ఏడు అక్కడి పిల్లల డొక్కలు వెన్నుకి అంటుకుపోయాయి. పెద్దలు చూస్తూ ఊరుకుంటారా? వెంటనే బాలపోషణ సంఘం పెట్టేశారు. దానికి అధ్యక్షుడు ఒబుయా అనే బబూన్ కోతి. కూర్చుని మాట్లాడటంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

సంఘం ఉమ్మడి పొలం వేయమంది. వేసింది మాత్రం తల్లులు. నీమా అనే అడవిపంది నేల పెళ్లగించింది, ముళ్ళపంది తీగలు నాటింది, కుందేలు కలుపు తీసింది. చిలగడదుంప తీగలు నేలంతా పాకాయి. పిల్లలు ఈ ఏడు గట్టెక్కుతారని నీమాకి నమ్మకం కుదిరింది.

దుంపలు ఊరే వేళకి సంఘం చాటింపు వేయించింది. కొంగలొచ్చి చూసేదాకా పొలంలో ఎవరూ చెయ్యి పెట్టకూడదట.

కొంగలంటే ఉత్తరదేశపు కొంగలు. ఏటా చలికాలంలో ఎడారి దాటి వస్తూ, పిల్లల పేరిట ఖర్జూరం మూటలు తెస్తాయి. ఆ మూటలు సంఘం చేతిలో భద్రంగా ఉండేవి, సంఘం పొట్టలో ఇంకా భద్రంగా ఉండేవి.

ఆ ఏడు ఎదురుగాలికి కొంగలు ఆలస్యమయ్యాయి. నీమా చిన్నకొడుకు కీటో ఒకరోజు లేవబోయి కూలబడ్డాడు. నీమా పిల్లాణ్ణి నోట కరుచుకుని పరుగెత్తి, ఒబుయా ముందు దింపింది.

"చైర్మన్ గారూ, రెండు దుంపలిప్పించండి. పిల్లాడు దక్కేలా లేడు."

ఒబుయా కీటోని ఎగాదిగా చూశాడు. "బంగారంలా ఉన్నాడమ్మా. డొక్కలు ఎంత స్పష్టంగా కనబడుతున్నాయో చూడు. ముందు వరసలో నిలబెడదాం. పొలం పచ్చగా ఉండాలి, పిల్లలు సన్నగా ఉండాలి. అప్పుడే కొంగల మనసు కరుగుతుంది."

"అప్పటిదాకా వీడు బతకాలి కదండీ."

"నేను పథకం గురించి మాట్లాడుతుంటే నువ్వు సొంత విషయాలు తెస్తావేమిటి?"

నీమాకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా పొలానికి పోయింది. ఆ జాతి పందులు ముందుకాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద ఆని మేస్తాయి. నీమా అలాగే ఆనింది. పైన తీగ కదలకుండా ముట్టెతో మట్టి తోడి, అడుగునున్న దుంప లాగింది.

కాపలా ఉన్న ఉష్ట్రపక్షి దూరం నుంచే అడిగింది. "ఏం నీమక్కా, పొలానికి మొక్కుతున్నావా?"

నోటినిండా దుంప ఉండటంతో నీమా తలూపి ఊరుకుంది.

ఉష్ట్రపక్షి ఆ కబురు ఒబుయాకి చేరేసింది. ఆయన కళ్ళు చెమర్చాయి. "పథకం మీద ప్రజలకి ఇంత భక్తి ఉందని నాకు తెలీదు సుమా. ఒక్కతే మొక్కితే ఏం బావుంటుంది? అందరూ మొక్కాలి, రోజూ మొక్కాలి. మొక్కనివాళ్ళని సంఘం వెలేస్తుంది."

తల్లులు ఆజ్ఞ శిరసావహించారు. రోజూ పొలంలో బారులు తీరి మోకరిల్లారు. ముళ్ళపంది, కుందేలు నీమా దగ్గర ఆ భంగిమ నేర్చుకున్నాయి. మరీ నీరసంగా ఉన్న పిల్లలకి ముందు, మిగతావాళ్ళకి తర్వాత దుంపలు పంచిపెట్టారు. భక్తి ముదిరేకొద్దీ పిల్లలు బొద్దుగా తయారయ్యారు. కీటో అయితే ఉష్ట్రపక్షి తోక పట్టుకు లాగేంతవాడయ్యాడు. స్వాగత తోరణాల పనిలో మునిగిన సంఘం వాళ్ళు పిల్లల వైపు చూడనే లేదు.

చివరికి కొంగలు దిగాయి. పొలం చూసి ముచ్చటపడ్డాయి. "పిల్లలేరీ?" అంది పెద్దకొంగ.

ముందు వరస చూసి ఒబుయా పిల్లల దగ్గరికి ఉరికాడు. "పొట్టలు లోపలికి పీల్చండర్రా," అని పళ్ళు బిగించి గొణిగాడు. పిల్లలు పాపం పీల్చారు. పెద్ద తేడా ఏమీ రాలేదు.

మాట మార్చడానికి, "మా దుంపలు చూడండి," అంటూ ఒక తీగ పెరికాడు. ఉత్త వేళ్ళొచ్చాయి. ఇంకోటి పెరికాడు. అదీ అంతే.

"దొంగలు పడ్డారండీ," అన్నాడు.

నీమా ముందుకొచ్చింది. "దొంగలెవరూ లేరండీ. మేం పండించుకున్నాం, మా పిల్లలకి పెట్టుకున్నాం. తప్పయితే నన్ననండి."

పెద్దకొంగ కీటో బుగ్గని ముక్కుతో నిమిరింది. "ఎన్నో అడవులు తిరిగాం. అందరూ పొలాలు చూపించారు, ఉపన్యాసాలు వినిపించారు. పంట పిల్లల కడుపులోకి చేరటం ఇక్కడే చూశాం. మాతో మీకింక పనిలేదమ్మా."

అంతే, కొంగలు ఖర్జూరం మూటలు మళ్ళీ ముక్కున కరుచుకుని, ఇంకో అడవి వెతుక్కుంటూ ఎగిరిపోయాయి.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఆకలి గురించి సభ్యులందరూ మనస్ఫూర్తిగా మాట్లాడిన మొదటి సమావేశం అదే.

మర్నాడు నీమా కొత్త తీగలు నాటుతుంటే ఒబుయా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. "దుంపలేమైనా మిగిలాయా, నీమమ్మా?"

"ఊరాలి చైర్మన్ గారూ. అటు చివర నేల గట్టిగా ఉంది, కాస్త తవ్విపెట్టండి."

నీతి: పిల్లల కడుపులు నింపేముందు కాస్త ఆలోచించండి, పాపం సంఘాలు పస్తులుండాల్సి వస్తుంది.