ఉలికిపాటు నివారణ శిబిరం

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ పెద్దదేం కాదు లెండి, ఒక పంచాయతీ, దానికో ప్రెసిడెంటు, ఆయన వెనకాల తిరిగే ఓ నక్క పట్టేంత అడవిలో, గోరింట అనే దుప్పి ఉండేది.

దానికి ఒకటే జబ్బు. ఎండుటాకు రాలితే ఎగిరి గంతేసేది. కాయ పడితే పరుగు లంకించుకునేది. అది పరిగెడితే మంద మందంతా పరిగెత్తేది. తిన్న గడ్డి ఒంటబట్టదు, కంటిమీద కునుకు లేదు. చివరికి పాలు ఇంకిపోయాయి. నెల కూడా నిండని పిల్ల బుడంకాయ పొదుగు చీకి చీకి, ఏమీ రాక ఏడ్చేవాడు. వాడి డొక్కలు లోపలికి పోయాయి.

ఏం చేస్తుంది పాపం, పంచాయతీ ఆఫీసుకి వెళ్లింది.

"రోజుకి ఎన్నిసార్లు ఉలిక్కిపడతావు?" అంది సెక్రటరీ ఎలుగుబంటి, తల ఎత్తకుండానే.

"లెక్కపెట్టలేదు సారూ."

"లెక్క లేకపోతే జబ్బు లేనట్టే!" అంటూ ఎలుగుబంటి స్టాంపు ఠప్పున కొట్టింది. ఆ చప్పుడుకి గోరింట ఎగిరి ఫైళ్ల మీద పడింది.

"ఒకటి," అని రాసుకుంది ఎలుగుబంటి.

ఈ సంగతి ప్రెసిడెంటు భీమరాజు చెవిన పడింది. భీమరాజు పెద్దపులి. మోకాళ్లు పట్టేశాయి, వేట సాగడం లేదు. ఆయన ఒక అడుగు వేసేలోపే గోరింట బెదిరేది, మంద మాయమయ్యేది.

"ఈ జింకల కంగారు నా ప్రాణం మీదికొచ్చిందిరా జంబులయ్యా!" అని నక్క దగ్గర వాపోయాడు.

"కంగారు తగ్గిస్తే పోలా దొరా? శిబిరం పెడదాం. పన్నెండో రోజుకి మేళతాళాలు వాయించినా కదలకుండా కూర్చుంటాయి. ఆ పైన మీ ఇష్టం," అంది నక్క.

మర్నాటికల్లా జంబులయ్య మెడలో మోదుగుపూల దండ వేసుకుని గురువుగారైపోయింది. కానీ దానికి అబద్ధం చెప్పడం వచ్చుగానీ పాఠం చెప్పడం వచ్చా? అందుకని వాగు ఒడ్డున ఓ ముసలి తాబేలు మనవలకి చెబుతుంటే విన్నది విన్నట్టు అప్పజెప్పింది. అక్కడే దాని కొంప మునిగింది. ఎందుకంటే ఆ పాఠం నిజంగానే పనిచేసింది.

"కళ్లు మూసుకోండి. గాలి పీల్చండి. పీల్చినదానికి రెండింతల సేపు మెల్లగా వదలండి. మీ గుండె చప్పుడు మీరే వినండి. ఆకు రాలిందా, 'ఓహో, ఆకు' అనుకోండి, అంతే!"

మొదటిరోజు గోరింట కూర్చున్నంతసేపూ వణుకుతూనే ఉంది. నాలుగోరోజుకి ఆకు రాలితే చెవి మాత్రమే కదిలింది. వారానికి కడుపునిండా మేసి, కాళ్లు బారజాపి పడుకుంది. పదోరోజున బుడంకాయ మూతి నిండా నురుగుతో, తాగుతూ తాగుతూనే నిద్రపోయాడు. గోరింటకి ఏడుపు ఆగలేదు. సంతోషం వచ్చినా ఏడుపేనా అని తనే నవ్వుకుంది.

నక్క పొదలు ఊపి చూసింది. ఒక్క జింకా కదల్లేదు. భీమరాజుకి నోట్లో నీళ్లూరాయి.

పన్నెండోరోజు సర్టిఫికెట్ల సభ. ముఖ్య అతిథి భీమరాజు ఎప్పుడో వచ్చి వేదిక వెనక పొదలో నక్కి ఉన్నాడు. "పది శ్వాసలు లెక్కపెడతాను. పూర్తయ్యేదాకా కళ్లు తెరవకూడదు," అని చెప్పి, గురువన్నాక పద్ధతి ఉండాలి కాబట్టి, జంబులయ్య కూడా కళ్లు మూసుకుంది.

"ఒకటి... రెండు..."

అడవంతా సద్దుమణిగింది. గోరింట తన గుండె వింటోంది. నిదానంగా, హాయిగా కొట్టుకుంటోంది. మూడో శ్వాసకి ఇంకో చప్పుడు వినపడింది. ధన్ ధన్ ధన్ ధన్!

'ఇది నాది కాదే!' పిల్లాడి గుండెకి చెవి ఆనించింది. వాడిదీ కాదు. 'ఇంత కంగారు ఎవరికబ్బా?'

ఓరకంట చూసింది. పొద వణుకుతోంది. పొద కింద చారల తోక కొస!

పాత గోరింటైతే కెవ్వుమని ఎగిరేది. మంద చెల్లాచెదురై, బుడంకాయ కాళ్ల కింద నలిగిపోయేవాడు. ఇప్పుడూ గుండె గుభేలుమంది, లేకపోతే ఎలా? కానీ గాలి మెల్లగా వదిలింది. మూతితో పిల్లాణ్ణి లేపింది, పక్కదాన్ని తట్టింది. అది దాని పక్కదాన్ని తట్టింది. ఆకు చప్పుడు కాకుండా మందంతా వాగు దాటి వెళ్లిపోయింది.

"ఎనిమిది... భేష్! ఎంత నిశ్శబ్దం! తొమ్మిది... ఎవరూ కదలకండి... పది!"

భీమరాజు దూకాడు. దూకడానికి అక్కడ ఒక్కరే ఉన్నారు.

"దొరా! నేను జంబులయ్యని!"

"పన్నెండు రోజుల ఆకలిరా! పేరెవడడిగాడు?"

సగం తోక పులి నోట్లో వదిలేసి, నక్క ఎలాగో బతికి బయటపడింది. ఇప్పుడు ఆకు రాలితే అది ఎగిరి గంతేస్తుంది. భీమరాజుకి తిండి లేక, ఏ కాస్త అలికిడైనా అదిరిపడే జబ్బు పట్టుకుంది.

ఎలుగుబంటి ప్రెసిడెంటు ఎదుటే రిజిస్టరు తెరిచి, "శిబిరం విజయవంతం. ఉలికిపాట్లు: జింకలకు లేవు. ప్రెసిడెంటుగారికి రోజుకి రెండు వందల ఏడు," అని రాసి, స్టాంపు ఠప్పున కొట్టింది.

"రెండు వందల ఎనిమిది," అని దిద్దింది.

నీతి: కళ్లు మూసుకోమని చెప్పే గురువుగారి మాట తప్పకుండా వినండి, చెవులు మూసుకోమని ఆయన చెప్పలేదు కదా.