అరిగిన ఆరు బటన్లు

ఆదివారం సెలవైనా ఆ దర్జీ దుకాణం యజమాని పొద్దున్నే తలుపు ముందు నిలబడ్డాడు. సాయంత్రం బావమరిది పెళ్ళి. పెళ్ళికొడుకు కోటు లోపల ఒంటి చేత్తో వేలాడుతోంది. రెండో చెయ్యి అతికించడం కట్టింగ్ మాస్టరుకి తప్ప ఇంకెవరికీ చేతకాదు. గంటలో పని తెముల్చుకుని పెళ్ళికి పోదామన్నది ఆయన ఆలోచన.

తన నీడను కూడా ఓ కంట కనిపెట్టుకునే మనిషాయన. అందుకే తలుపుకి నంబరు తాళం పెట్టించాడు. బళ్ళో లెక్కలు చెప్పే బావమరిదే నంబరిచ్చి, తాళాన్ని అమర్చిపెట్టాడు. సోమవారం 142857 నొక్కాలి. మంగళవారం దాన్నే రెండుతో హెచ్చవేసి నొక్కాలి, బుధవారం మూడుతో, అలా శనివారానికి ఆరుతో. రోజూ నంబరు మారుతుంది గనక పక్కనుంచి తొంగిచూసినా లాభం లేదు.

ఆదివారం గనక ఏడుతో హెచ్చవేయడానికి కాగితం తీస్తూ ఆయన తాళం వంక చూసి ఆగిపోయాడు. ఆరు బటన్లకే రంగు అరిగి, మిషను నూనె పట్టింది. సున్నా, మూడు, ఆరు, తొమ్మిది మాత్రం కొన్ననాటిలాగే తళతళలాడుతున్నాయి. రోజుకో నంబరు నొక్కుతుంటే అన్నీ అరగాలి కదా! ఎవడో పనిగట్టుకుని ఒకే నంబరు నొక్కుతున్నాడన్నమాట. అప్పుడే కట్టింగ్ మాస్టరు మెట్లెక్కాడు.

"మాస్టరూ, ఏదీ, మీ చెయ్యి చూపించండి."

"దేనికండీ?"

"నూనె ఉందేమోనని."

"మిషను ముందు కూర్చునేవాడి చేతికి నూనె కాక అత్తరుంటుందా?"

"అయితే తాళం జోలికి పోతున్నది మీరేనన్నమాట! మీరుండగా ఈ తలుపు తియ్యను."

మాస్టరు మొహం కందగడ్డయింది. "ఇన్నేళ్ళు చేసినందుకు దొంగని చేశారు. ఆ కోటు చెయ్యేదో మీరే కుట్టుకోండి" అని మెడలోని టేపు తీసి ఆయన చేతిలో పెట్టి, విసవిసా వీధిలోకి నడిచాడు.

అంతలో కోటు కోసం అత్తగారు దిగింది. "ఏం అల్లుడుగారూ, తలుపు తియ్యరే?"

"ఉండండి అత్తయ్యగారూ. ఇందులో ఏదో గూడుపుఠాణీ ఉంది. మీవాడి మీద కూడా నాకు అనుమానమే." వెంటనే బావమరిదికి ఫోను చేశాడు. "నిజం చెప్పు, నంబరు ఎవరి చెవిన వేశావు?"

సంగతంతా విని పెళ్ళికొడుకు పకపకా నవ్వాడు. "దాని గొప్పే అది, బావా! రెండుతో హెచ్చవేస్తే 285714. మూడుతో 428571. ఆరు దాకా ఎంతతో హెచ్చవేసినా అవే అంకెలు వరస చెడకుండా గుండ్రంగా తిరుగుతాయి. ఆ బటన్లు అరగదీసింది నువ్వే!"

ఆయన చేతిలోని మాస్టరు టేపు వంక చూసుకున్నాడు. ఇటు ఓపిక నశించిన అత్తగారు, ఆ తాళాన్ని కాలింగ్ బెల్లనుకుని, నూనె అంటని బటనొకటి చూసుకుని కసిగా పొడవడం మొదలుపెట్టింది. ఆరో పోటుకి తలుపు టక్కున తెరుచుకుంది.

"అత్తయ్యగారూ! మీరా!"

"ఏడుతో హెచ్చవేస్తే అన్నీ తొమ్మిదులే, బావా" అన్నాడు ఫోనులో బావమరిది. "ఆదివారం సెలవే కదా అని ఊరుకున్నాను."

ఆయన టేపు పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తి మాస్టరు చేతులు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది మాస్టరూ, నోరు జారాను. మీరు రాకపోతే మావాడు ఒంటిచేతి కోటుతో పెళ్ళి చేసుకోవాలి."

"ముందు ఆ తాళం పీకేయించండి, వస్తాను" అన్నాడు మాస్టరు.

సాయంత్రానికి కోటుకి రెండు చేతులూ వచ్చాయి. తలుపుకి మళ్ళీ పాత తాళమే పడింది, తాళంచెవి మాస్టరు దగ్గరే ఉంటోంది. అత్తగారు దుకాణానికి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఇప్పటికీ ఆవిడ వేళ్ళ వంకే చూస్తుంటాడు.