నిమ్మకాయకు ఆగిన తలుపు

పెదవాల్తేరు ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన కాలనీలో ఒక తలుపు బటన్ నొక్కితే చాలు, తనంతట తానే లేస్తుంది, తనంతట తానే దిగుతుంది. చూడ్డానికి టిక్కెట్టు లేదు. చెప్పులు మాత్రం బయట విడవాలి.

తలుపు యజమాని సీతారామాంజనేయులుగారు. అమలాపురం దగ్గర్నుంచి వచ్చి, పోర్టులో సరుకులు దింపించే కంపెనీకి మేనేజరై, ఇల్లు కట్టి, ఇంటి పక్కన కారు షెడ్డు కూడా కట్టిన దూరదృష్టి గల మనిషి. కారు ఇంకా రాలేదు. బుక్ చేసి ఆరేళ్ళయింది. ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటున్నారు. ఈలోగా షెడ్డులో ఒక స్కూటరూ, ఆయన భార్య గంగాభవానిగారి ఊరగాయ జాడీలూ, ఎవరూ పెంచకపోయినా పెరుగుతున్న ఒక పిల్లీ కాపురముంటున్నాయి.

కారు లేని షెడ్డుకు కరెంటు తలుపెందుకని అడిగేవాళ్ళకు మన కాలనీ రాజకీయాలు తెలియవు. ఇక్కడ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు కావడానికి ఒక్కటే యోగ్యత: ఎవరింట్లోనూ లేని వస్తువు మనింట్లో ఉండాలి. మొదట టేప్‌రికార్డరుగారు పరిపాలించారు. ఆయన్ని ఫ్రిజ్‌గారు దించారు. రంగుల టీవీ కొన్న ఏడాదే ఎల్లారావుగారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ టీవీలో ఎక్కువగా కనిపించేవి చుక్కలే అయినా అవి రంగు చుక్కలు. అందుకే, ఓడలో వచ్చి, అడిగే నాథుడు లేక వేలానికొచ్చిన ఒక చెక్కపెట్టెలో మోటారుతో సహా ఈ తలుపు దొరకగానే, ఆంజనేయులుగారికి అధ్యక్షుడి కుర్చీ కళ్ళముందు కదిలింది. ఎన్నిక వచ్చే ఆదివారమే.

ప్రారంభోత్సవానికి కాలనీ అంతా వచ్చింది. పురోహితుడు తలుపుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మోటారుకు బంతిపూల దండ వేశారు. బండి కొంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. తలుపుకు చక్రాలు కనబడలేదు గనక, అది దిగేచోట గడప మీద నిమ్మకాయ పెట్టారు. తలుపు దిగాలి, కాయ నలగాలి, దిష్టి పోవాలి. పదవిలో ఉన్న అధ్యక్షుడి హోదాలో ఎల్లారావుగారు విజ్ఞానశాస్త్రం మానవజాతికి చేసిన మేలు గురించి ఎండ నడినెత్తికొచ్చేదాకా ప్రసంగించి, చివరికి బటన్ నొక్కారు.

తలుపు హుందాగా దిగింది. నిమ్మకాయను తాకింది. ఆగింది. వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయింది.

జనం చప్పట్లు కొట్టారు, అదే ప్రోగ్రామనుకున్నారు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ దిగింది, కాయను తాకింది, వెనక్కి వెళ్ళింది. మూడోసారి చప్పట్లు పలచబడ్డాయి. అప్పుడు ఎల్లారావుగారు మైకు దగ్గరే ఉన్న సంగతి మరిచిపోకుండా అన్నారు:

“ఏటి బావా, నీ తలుపు నిమ్మకాయకే బయపడిపోతంది! ఇలాటి తలుపెట్టుకుని రేపు సంఘాన్నేటి నడుపుతావ్?”

నవ్వులు సముద్రం దాకా వినిపించాయి. ఆంజనేయులుగారికి ఆ పూట అన్నం సయించలేదు. ఆదివారంలోగా ఆ తలుపు దిగి తీరాలి, లేకపోతే ఈ కాలనీలో తలెత్తుకు తిరగలేననుకున్నారు.

మర్నాటి నుంచి నిపుణులు రావడం మొదలైంది. ముందుగా ఎదురింటి ఆనందకుమార్‌గారు, కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటులో ఇంజనీరు. ఆయన మోటారుకేసి చాలాసేపు చూసి, లోపమంతా వోల్టేజీలో ఉందని తేల్చి, ఇంట్లోంచి స్టెబిలైజరు తెప్పించారు. తాను చర్చికి వెళ్ళేవాణ్ణని, నిమ్మకాయ మీద తనకు బొత్తిగా నమ్మకం లేదని, అయితే ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య పరిస్థితులు మార్చడం శాస్త్రవిరుద్ధం కాబట్టి కాయ ఉన్నచోటే ఉండాలని ఆయన స్పష్టం చేశారు. స్టెబిలైజరు పెట్టాక తలుపు ఇంకా దర్జాగా దిగి, ఇంకా దర్జాగా వెనక్కి వెళ్ళింది.

పురోహితుడు దోషం నిమ్మకాయ స్థాయి దాటిపోయిందన్నారు. కొబ్బరికాయ పెట్టారు. తలుపు కొబ్బరికాయను కూడా గౌరవించింది. బూడిదగుమ్మడికాయ పెడితే దాన్ని మరింత పైనుంచే పలకరించి వెళ్ళిపోయింది. గొలుసుకు ఆముదం పోశారు, పట్టాలు కిరసనాయిలుతో కడిగారు, వాస్తు తెలిసినాయన తలుపును పడమరకు తిప్పమన్నారు. ప్రతి పనికీ ముందు తాజా నిమ్మకాయ తప్పనిసరి. పూర్ణా మార్కెట్లో కాయలమ్మే పోతమ్మ, ఆంజనేయులుగారి ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళని అడిగిందట. మధ్యమధ్య కరెంటు పోయేది. ఆ సమయంలో తలుపు మీద ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు.

శుక్రవారం సాయంత్రం ఆయన ఒక్కరే షెడ్డు ముందు నిలబడి, విసుగ్గా బటన్ నొక్కారు. నిమ్మకాయలు అయిపోయాయి, గడప ఖాళీగా ఉంది. సరిగ్గా అప్పుడే పిల్లి బయటికి రాబోయింది. తలుపు పిల్లి వీపును తాకి, ఆగి, పైకి లేచింది. పిల్లి ఒళ్ళు దులుపుకుని తన పని మీద తాను వెళ్ళింది. ఆ వెంటనే మళ్ళీ నొక్కితే తలుపు మెత్తగా నేల దాకా దిగి మూసుకుంది.

వంటింటి గుమ్మంలోంచి గంగాభవానిగారు ఇదంతా చూశారు. ఆవిడ పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే.

“సూసినారేటండీ? అది పాడవనేదు. కింద ఏదైనా ఉంటే నలిపీకూడదని ఆగతంది. ఎవలో పిల్లల తల్లి సేయించుంటాది. ఆ కాయ ఎట్టడం మానీండి, అంతే!”

ఆంజనేయులుగారికి అర్థమైంది. అర్థం కావడంతోటే ఎల్లారావుగారి మైకు గుర్తొచ్చింది.

“మానేస్తే ఎలాగే? నిమ్మకాయని నలపలేదని కదా ఊరంతా నవ్వింది! కాయ తీసేసి మూస్తే, భయపడి తీసేశాడంటారు. ఎల్లారావు ఊరుకుంటాడా?”

“అయితే నిమ్మకాయకోసం తలుపుని సంపుతారేటి?” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన చలమయ్యను పిలిపించారు. చలమయ్య పోర్టులో క్రేన్లు బాగుచేసే మేస్త్రీ. అతనికి సందేహమనేది తెలియదు.

“నాను సూడని మిసనా బాబూ? దీనికి మెత్తదనం ఎక్కువైపోనాది. ఈ స్క్రూ బిగించీసినానంటే ఇంకేటడ్డొచ్చినా ఆగదు.”

“బిగించు,” అన్నారు ఆంజనేయులుగారు. చలమయ్య స్క్రూ అరిగేదాకా బిగించాడు.

ఆదివారం షెడ్డు ముందే సభ పెట్టారు. నిమ్మకాయ పెట్టారు. తలుపు దిగింది, కాయ పచ్చడైంది. కొబ్బరికాయ పెట్టారు, ఫెళ్ళున పగిలింది. గుమ్మడికాయ ముక్కలు ముందువరస వాళ్ళ ముఖాల మీదికి ఎగిరాయి. జనం ఆనందానికి అంతులేదు. ఇది కదా తలుపంటే అన్నారు. స్టెబిలైజరు వల్లేనని ఆనందకుమార్‌గారు, గుమ్మడికాయ వల్లేనని పురోహితుడు వేర్వేరుగా ప్రకటించారు. ఆంజనేయులుగారు ఏకగ్రీవంగా ఎన్నికై, “సోదర సోదరీమణులారా! ఈ తలుపు సాక్షిగా చెబుతున్నాను, కింద ఎవరున్నా, ఏదున్నా, ఇకమీదట నేను వెనక్కి తగ్గను!” అని గర్జించారు. మనమందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.

అదృష్టం ఒంటరిగా రాదు కాబోలు, ఆ నెలలోనే కారు కూడా వచ్చింది. పాలమీగడ రంగు. ఆరేళ్ళ నిరీక్షణ ఆ రంగులో తళతళలాడింది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. మళ్ళీ కాలనీ అంతా వచ్చింది. పాత అధ్యక్షుణ్ణి గౌరవించాలి గనక బటన్ ఎల్లారావుగారి చేతికిచ్చారు. ఆంజనేయులుగారు కారును సగం లోపలికి నడిపి, ఫొటో కోసం ఆపి, దిగి, దండతో సహా గుమ్మం ఇవతలకొచ్చి నమస్కారం పెట్టారు. ఎల్లారావుగారు ఆ నమస్కారాన్నే సైగ అనుకున్నారు.

తలుపు హుందాగా దిగింది. కారును తాకింది. ఆగలేదు. పైకప్పు లోపలికి పోయింది, అద్దాలన్నీ పగిలి రాలిపోయాయి. తలుపు వెనక్కి తగ్గకుండా, కారు మీదే మూసుకోవాలని పట్టుదలగా గురగురలాడుతూ ఉండిపోయింది.

అందరికంటే ముందు తేరుకున్న ఎల్లారావుగారు, “పోన్లే బావా, దిష్టంతా ఒకేపాలి పోనాది!” అని చప్పట్లు మొదలుపెట్టారు. అందరం అందుకున్నాం. ఆంజనేయులుగారి కళ్ళు చెమర్చాయి. అయినా అధ్యక్షుడు గనక ఆయన కూడా కొట్టారు. ఒక్క గంగాభవానిగారే చప్పట్లు కొట్టలేదు, ఆవిడ చేతుల్లో పిల్లి ఉంది.

కావున ప్రజలకు మరొక్కసారి విన్నవించడమేమనగా, సదరు తలుపు ప్రస్తుతం సక్రమంగా పనిచేయుచున్నది. కింద ఎవరున్నా ఆగదు. ఆగే రోజుల్లో నవ్వినవారిలోనూ, ఆగడం మానేశాక ఓటేసినవారిలోనూ తమరూ ఉన్నారు గనక ఫిర్యాదులు స్వీకరింపబడవు. పిల్లలు గలవారు ఆ పక్కగా వెళ్ళేటప్పుడు తమ పిల్లలను తామే చూసుకోవలెను.