డాక్టరు గారి రేడియేషన్ బ్యాడ్జి

ఆ శుక్రవారం పొద్దున డాక్టర్ వెంకటకృష్ణ పెట్టుకున్న పని ఒక్కటే. కుంటుతున్న కుక్క కాలికి ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి, పదకొండు గంటల బస్సెక్కి మధిర పోవాలి. అక్కడ మరదలు నాగలతకు సీమంతం. భార్య దీపిక రెండు రోజుల ముందే పుట్టింటికి చేరింది.

ఆయన పనిచేసే పశువుల దవాఖానా ఏన్కూరు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. పోయిన ఏడాది దానికి ఎక్స్‌రే మిషను వచ్చింది. దాంతోపాటే డాక్టరుకు చాదస్తమూ వచ్చింది. పశువును చేత్తో పట్టుకోవద్దు, మత్తిచ్చి ఇసుక సంచులు ఆనించాలి. సీసం ఏప్రన్ లేకుండా లోపల అడుగు పెట్టవద్దు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు దూరంగా ఉండాలి. ఇవన్నీ గోడ నిండా రాయించాడు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే బ్యాడ్జి ఒకటుంటుంది. దాన్ని ఏప్రన్ కింద ఛాతీకి పెట్టుకుని, మూడు నెలలకోసారి పరీక్షకు పంపాలి. ఈ పాఠమంతా అసిస్టెంటు మంగీలాల్ చేత వారానికోసారి అప్పజెప్పించుకునేవాడు. మంగీలాల్‌ది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఈ నెలాఖరుకు రెన్యువల్ కావాలి. డాక్టరు మంచిమాట రాస్తే ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

కుక్కను బల్ల ఎక్కించేలోపే పోస్టులో ఒక కవరు వచ్చింది. డాక్టరు బ్యాడ్జికి ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ తగిలిందట. ఆయన వెంటనే ఎక్స్‌రే పని ఆపాలి, రక్తపరీక్ష చేయించుకోవాలి, ఇలా ఎందుకు జరిగిందో జిల్లా ఆఫీసుకు రాసి పంపాలి. వెంకటకృష్ణ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కుక్క కోసం సిద్ధం చేసిన బల్ల మీద తానే కూలబడ్డాడు.

"ఏందయింది సార్? మొకం గట్లయింది?" అన్నాడు మంగీలాల్.

"నాకు రేడియేషన్ కొట్టిందయ్యా."

ఆ మాట అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఆయన దీపికకు ఫోన్ చేశాడు. అరగంట తర్వాత ఆమె తిరిగి చేసింది.

"ఏమండీ, రక్తపరీక్ష చేయించుకోండి. ఇక్కడికి మాత్రం రాకండి. అమ్మ వద్దంటోంది."

"ఇదేమన్నా అంటుజబ్బా దీపికా? ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి రాదు."

ఫోన్ అత్తగారు భారతమ్మ అందుకుంది. "చదువుకున్నోడివి, నీకు తెలియందేముంది బాబూ. కడుపుతో ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలని మీ గోడ మీద నువ్వే రాయించావంట గదా. పులిహోర డబ్బాలో పెట్టి పంపిస్తాంలే."

భయం కాస్తా ఉక్రోషమైంది. ఎందుకు జరిగిందో ఎంత ఆలోచించినా తట్టలేదు. కానీ కాగితం మీద ఏదో ఒకటి రాయాలి. 'నేను గదిలో ఉండగానే అసిస్టెంటు మంగీలాల్ తొందరపడి స్విచ్ నొక్కడం వల్ల' అని రాశాడు. రాస్తున్నప్పుడు అది నిజమే అనిపించింది. సంతకం దగ్గర కొంచెం అనుమానం వచ్చింది. స్కాన్ చేసి జిల్లా ఆఫీసుకు పంపాక సిగ్గేసింది. పంపింది వెనక్కి రాదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ స్కాన్ చేసి పెట్టింది కూడా మంగీలాలే. మడిచి ఇచ్చిన కాగితాన్ని విప్పి, చదవకుండా, మర్యాదగా బోర్లించి పెట్టాడు.

శనివారం ఖమ్మంలో చేయించిన రక్తపరీక్షలో ఏ దోషమూ లేదని తేలింది. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. తన గేదెను డాక్టరు బతికించాడని ఇప్పటికీ చెప్పుకునే వెంకటప్పయ్య గేటు అవతలే నిలబడి, "పైకి గట్లనే చెప్తరు సార్, ధైర్యంగుండుర్రి" అని కళ్ళు తుడుచుకుని పోయాడు. ఆదివారానికి దవాఖానా ముందు ఆరడుగుల ఫ్లెక్సీ లేచింది. 'మా పశువుల పాలిటి దేవుడు డాక్టర్ వెంకటకృష్ణ గారు త్వరగా కోలుకోవాలి' అని పైన, మధ్యలో డాక్టరు నిలువెత్తు ఫొటో, పద్నాలుగు మంది పాడి రైతుల ఫొటోలు కింద. డాక్టరు సిగ్గుతో ఇంట్లోంచి బయటికి రాలేదు, ఆ ఫ్లెక్సీ వంక సరిగ్గా చూడనూ లేదు.

సోమవారం జిల్లా ఆఫీసు నుంచి జ్యోత్స్న మేడం విచారణకు వచ్చింది. జీపు దిగి లోపలికి రాకుండా ఫ్లెక్సీ ముందే నిలబడిపోయింది. డాక్టరు, మంగీలాల్ ఎదురు వెళ్ళారు. అప్పుడే తండా నుంచి క్యారేజీ పట్టుకుని వచ్చిన మంగీలాల్ తల్లి ద్వాలి కూడా పక్కన నిలబడింది.

"ఈ ఫొటో ఎప్పటిది?" అడిగింది మేడం.

"దసరా నాటిది మేడం. ఆయుధ పూజ. నా ఫోన్లదే ఇచ్చిన," అన్నాడు మంగీలాల్ సంబరంగా.

"మరి ఆ మిషనుకేసిన బంతిపూల దండకు వేలాడుతున్నదేంటి డాక్టర్ గారూ?"

వెంకటకృష్ణ తలెత్తి చూశాడు. ఫొటోలో తాను చేతులు జోడించి నిలబడ్డాడు. ఎదురుగా పసుపు, కుంకుమ పెట్టిన ఎక్స్‌రే మిషను. దాని దండకు అరచేయంత పెద్దగా తన బ్యాడ్జి. సిరంజీలు, కత్తెరలు అన్నీ పూజలో పెట్టాక, ఇదీ ఆయుధమే కదా అని తానే తగిలించాడు. తర్వాత మూడు నెలలూ అది ఏప్రన్ కింద ఉందనే అనుకున్నాడు. తీసిన ప్రతి ఎక్స్‌రే ఆ బ్యాడ్జికి తగిలింది.

"మంగీలాల్, నువ్వైనా చూడలేదా?" అన్నాడు నీరసంగా.

"రోజూ చూసిన సార్. మీ బ్యాడ్జి ఇంకెవరు ముట్టద్దన్నరు గదా. పైంగ పూజల పెట్టింది. డిసెంబరుల మీరు పంపుమంటేనే తీసి పంపిన."

మేడం ఫైలు తెరిచి కాగితం బయటికి తీసింది. డాక్టరుకు ఆ కాగితం తెలుసు. వద్దు మేడం అనబోయాడు. ఆమె పైకే చదివింది. "అసిస్టెంటు మంగీలాల్ తొందరపడి స్విచ్ నొక్కడం వల్ల. ఏమయ్యా, నిజమేనా?"

మంగీలాల్ ముఖంలో సంబరం ఒక్కొక్క మాటకూ కొంచెం కొంచెం పోయింది. డాక్టరు వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఏదో లెక్క తప్పినవాడిలా, అర్థం చేసుకోవాలని చూశాడు.

"నొక్కిన్నేమో మేడం," అన్నాడు చివరికి. "నాకైతే యాదికి లేదు. సార్ రాసిండంటే నొక్కే ఉంట."

"అబద్ధం మేడం," అన్నాడు వెంకటకృష్ణ. తలెత్తలేకపోయాడు. "అతను ఎప్పుడూ నొక్కలేదు. నా తప్పు కనపడకూడదని అతని మీద రాశాను."

ఆ మాటనే కాగితం మీద పెట్టించింది మేడం. ఉత్త కాగితం, పెన్నూ మంగీలాలే తెచ్చిచ్చాడు. అతని రెన్యువల్ కాగితం మీద మంచిమాట కూడా అక్కడే రాయించి, జీపు బానెట్ మీదే సంతకాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ద్వాలి కొడుకును అడిగింది. "అయితే సారుకు ఏం కాలేదా?"

"ఏం కాలేదే అమ్మా."

"మంచిదాయె. మూడు దినాలు ఒక్కపొద్దున్న సారూ, మీకు నయం గావాలని." క్యారేజీ విప్పి డాక్టరు ముందు పెట్టింది. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర. "సల్లగైతది, తినుర్రి."

కూరలో ఉప్పు, కారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డాక్టరే రెండో ముక్క తుంచలేకపోయాడు.