మురళి తండ్రి పేరు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు: పదకొండు రోజుల బాలింత సూర్యప్రభ, ఆమె పక్కలో పసిగుడ్డు, మడి కట్టుకుని తిరిగే అత్తగారు నాగమణమ్మ, నాలుగేళ్ల మురళి, వాడి వెనక పరుగెత్తడానికి పల్లె నుంచి వచ్చిన ఆండాలు. ఇంటాయన, అంటే ఆండాలు మేనమామ, పొద్దున్నే దఫ్తరుకు వెళ్లిపోయాడు.

"ఆండాలూ, దేవిడీల కొత్తగ పెట్టిన శిశువిహార్‌ల వీణ్ని చేర్పించి రా. వీడు బడిల పడితెనే నిన్ను హైస్కూల్ల ఏస్తనన్నడు మీ మామ. లేకుంటె వీణ్ని ఎవరు సూస్తరు?" అంది సూర్యప్రభ మంచం మీద నుంచే.

ఏడో తరగతి ప్యాసైన ఆండాలుకు అంతకంటే చెప్పనక్కర్లేదు. మురళికి తల దువ్వి, అక్కడ అప్పజెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటూ జహనుమా సందులు దాటింది.

పాతకాలపు నవాబు బంగళా అయిన ఆ దేవిడీ వరండాలో పద్మజ టీచరు రిజిస్టరు తెరిచింది. పక్కన ఆయా కాశమ్మ నిలబడింది.

"పిల్లగాని తండ్రి పేరేంది?"

వల్లె వేసిన వాటిలో ఇది లేదు. పైగా మేనమామను చేసుకునే ఆచారమున్న ఇంట్లో ఆడపిల్ల మామ పేరు నోటితో పలకకూడదని నాగమణమ్మ ఎప్పుడో నేర్పింది. ఆండాలు తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకింది.

కాశమ్మకు అంతా అర్థమైపోయింది. "పేరు జెప్తలేదంటె మొగుడే గదమ్మా! తల్లని రాసుకోండ్రి."

"అరె, ఇంత చిన్న వయసులనా?" అంది పద్మజ.

"కాదు, నేను..." అని ఆండాలు గొణిగిన మాట ఎవరూ వినిపించుకోలేదు.

పద్మజ మురళిని దగ్గరికి తీసుకుంది. "మీ నాయన పేరేంది బాబూ?"

"బాపు."

"ఈమె మీ అమ్మనా?"

"కాదు. అమ్మ ఇంట్ల పండుకున్నది. చెల్లె పుట్టింది."

"అయ్యో దేవుడా! ఇద్దరు పెండ్లాలు!" కాశమ్మ నోరు నొక్కుకుంది. "పెద్దామె మంచం మీద, చాకిరి ఈ చిన్నామెకు. గిదేం జుల్మమ్మా!"

మామ మీద ఇంత నింద పడేసరికి ఆండాలు భోరుమంది. ఆ ఏడుపు చూసి పద్మజకు ఉన్న కాస్త సందేహమూ తీరింది.

"ఊకో బిడ్డా. సదువొస్తదా నీకు?"

అసలు సంగతి అది కాదన్నట్టు ఆండాలు తల అడ్డంగా ఊపింది.

"రాదట," అంది కాశమ్మ. సంతకానికి ఆండాలు కలం అందుకునేలోపే ఆ పిల్ల బొటనవేలు సిరాలో ముంచి రిజిస్టరు మీద అద్దేసింది. రోజూ డైరీ రాసుకునే చేయి అది.

"ఫికర్ జెయ్యకు. పిల్లగాని పేరు రాసుకున్న, తల్లుల సదువుల నీ పేరు గుడ రాసుకున్న. సదువు నేర్చినంక ఎవ్వరు నిన్ను గిట్ల ఏడిపియ్యరు," అంది పద్మజ.

మురళి అప్పటికే కొయ్యగుర్రం ఎక్కేశాడు. వెనక్కి చూడను కూడా లేదు. కాశమ్మ ఆండాలు చేతికి పలక ఇచ్చి లోపలి గదిలోకి నడిపించింది. అక్కడ పదిమంది తల్లులు చాప మీద కూర్చుని 'అ' దిద్దుతున్నారు. "మొదటి రోజు అందరు ఉర్కుతరు," అంటూ కాశమ్మ తలుపు మూసి బయట గొళ్లెం పెట్టింది.

ఆండాలును బడిలో వేసే శ్రమ ఆ విధంగా మామకు తప్పింది.