వియ్యంకుడి పైన్ సంగటి

మదనపల్లె మంగమ్మ ఆ ఉదయం అనుకున్నది ఒక్కటే. కుప్పం నుంచి వస్తున్న వియ్యంకుడు మునస్వామికి కడుపునిండా పెట్టి పంపాలి. పోయినసారి ఆయన సుగరుకు భయపడి నాలుగు మెతుకులు కతికి లేచాడు. "మీ పుట్టింట్లో పెట్టే చెయ్యి లేదా?" అని కూతురు కీర్తిని అత్త నెలంతా సాధించింది.

పక్కనే అంగళ్లు ఊళ్లోని కాలేజీలో చదివే కొడుకు భానుప్రకాశ్ ఇడ్లీ తింటూ ఒక మాట వదిలాడు. "ఫారిన్లో బ్రెడ్డులో పైన్ అనే మాను పీచు కలుపుతారంట మా. కడుపు నిండుతాది, సుగరు పెరగదు."

అని వాడు బస్సుకు పరుగెత్తాడు. మంగమ్మ హనీఫ్ సామిల్లుకు నడిచింది. పొయ్యిలోకి రంపపు పొట్టు ఎప్పుడూ అక్కడే తెచ్చుకుంటుంది. ఆవేళ అక్కడ ఫారిన్ మిషన్లు ప్యాకై వచ్చిన పైన్ చెక్క పెట్టెలు కోస్తున్నారు.

"హనీఫప్పా, ఆ పైన్ పొట్టే కావాల. శుబ్రంగా ఉండేది సూసి ఎయ్యి."

"యాలమ్మా ఇంత ఎంపిక? పొయ్యేమన్నా రుచి సూస్తాదా?"

మంగమ్మ నవ్వుతూ గోతం ముందుకు పట్టింది. ఇంటికొచ్చి పొట్టును పలుచటి గుడ్డలో జల్లించి, వియ్యంకుడి వంతు రాగి సంగటిలో రెండు గుప్పిళ్లు కలిపింది. సంగటిని నమిలేవాళ్లెవరు? కోడి పులుసులో ముంచి మింగడమే. మునస్వామి రెండు ముద్దలు మింగి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "ఇట్లాంటి సంగటి పుట్టినాక తినలేదు సెల్లెమ్మా!" అన్నాడు. ఆ నీళ్లు సంతోషానివే అనుకుంది ఆ వెర్రితల్లి.

ఇంకేముంది, వారం వారం పొట్టు కలిపిన పిండి వియ్యంకుడి పేరన కుప్పం బస్సెక్కింది. "మా అత్త ఇప్పుడు నన్ను 'అమ్మా' అంటాండాది మా," అని కీర్తి ఫోన్లో మురిసిపోయింది.

ఒకనాడు కాలేజీ లేక ఇంట్లో ఉన్న భానుప్రకాశ్, పొట్టు జల్లిస్తున్న తల్లిని చూసి సంగతంతా కక్కించాడు.

"అయ్యో మా! దాన్ని ఫ్యాక్టరీలో ఉడకబెట్టి, కడిగి, పిండి చేస్తారు! రంపం కింద రాలిందాన్ని ఎవరన్నా పెడతారా? మామకి పేగులు తెగిపోతాయి!"

మంగమ్మ కట్టుకున్న చీరతోనే బస్సెక్కింది. పుంగనూరు దాటేసరికి ఆమె మనసులో వియ్యంకుడికి కర్మకాండ అయిపోయింది. వెంకటగిరికోట దాటేసరికి కూతురు పెట్టెతో పుట్టింటికి వచ్చేసింది.

కుప్పంలో కీర్తి గుమ్మంలోనే ఎదురైంది. "మంచి టైముకొచ్చినావు మా. కడుపు ఉబ్బిపోయి పొద్దున్నుంచి పైకి లేయలేదు. డాక్టరొచ్చుండాడు, పెరట్లో."

మంగమ్మ గుండెలు బాదుకుంటూ పెరట్లోకి పరుగెత్తింది. "అన్నా! నిన్ను నేనే సంపితిని! ఆ పిండిలో ఉండేది రంపం పొట్టన్నా!"

మునస్వామి నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. నేలమీద గేదె పడుకుని ఉంది. పశువుల డాక్టరు దాని గొంతులో నూనె పోస్తున్నాడు.

మునస్వామి తల దించుకున్నాడు. "తప్పు నాదే సెల్లెమ్మా. ఆ పొద్దే గొంతు దిగలా. బాగలేదంటే మళ్లీ ఈ బిడ్డని సాధిస్తారని మెచ్చుకుంటి. నువ్వు పంపిన పిండితో సేసిన సంగటంతా ఎవురికీ తెలీకుండా ఎనుముకే పెడతా వస్తి."

మంగమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే రోషమూ వచ్చింది. "నా సేతి సంగటి ఎనుముకేస్తివా అన్నా!"

అంతలో గేదె పెద్దగా తేన్చి లేచి నిలబడింది. డాక్టరు చేతులు కడుక్కున్నాడు.

"మాను పొట్టుతో దానికేం కాలేదమ్మా. కడుపుబ్బింది ఆ రాగి సంగటికే, అది మాత్రం పెట్టబాకండి."