ఇంటి కల్లు పోటీ: మూడో సవరణ

గోక్సొంగ్ ఆవిడ నలభై ఏళ్ళు బియ్యపు కల్లు పెట్టింది. ఊరు నలభై ఏళ్ళు తాగింది. బాగుందని ఒక్కరూ అనలేదు.

ఇది ఆవిడ మొగుడు ప్యో ఒక్చొల్ అభిప్రాయం కాదు. జరిగిన సంగతి. నాట్లప్పుడు తాగారు, చావుల్లో తాగారు, అరవయ్యో పుట్టినరోజుల్లో తాగారు. మూతి తుడుచుకుని "ఇంకో గిన్నె" అన్నారు. ఇంకో గిన్నె అనడం మెచ్చుకోవడం కాదు. ఊరికే పోస్తుంటే ఎవడైనా అంటాడు.

ఆవిడ పేరు కూడా ఊరికి తెలీదు. గోక్సొంగ్ నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి గోక్సొంగ్ ఆవిడ. పోయిన రోజున కూడా "గోక్సొంగ్ ఆవిడ పోయిందట" అనే చెప్పుకున్నారు. ఆవిడ పేరు బున్‌రే.

బున్‌రే వదిలిపోయినవి మూడు బిళ్ళలు. గోధుమలు దంచి, తడిపి, గుడ్డలో మూటగట్టి, మడమతో తొక్కి, ఎండుగడ్డితో దూలానికి వేలాడదీసిన పులియబిళ్ళలు. కల్లుకు ఒళ్ళు బియ్యమైతే ప్రాణం బిళ్ళ. ఒక్కోదాని నడుమ ఆవిడ మడమ దిగిన గుంట అలాగే ఉంది. బిళ్ళకో కుండ చొప్పున మూడు కుండలు. ఆ తర్వాత ఆ కల్లు ఈ భూమ్మీద ఉండదు.

సరిగ్గా అప్పుడే దేశానికి మంచిరోజులొచ్చాయి.

పొద్దున్నే ఊరిపెద్ద మిన్ మైకందుకున్నాడు. మిరపచేలకు మందు కొట్టేవాళ్ళు గాలివాటం చూసుకోవాలని చెప్పి, గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు జాతీయ విషయం. ప్రథమ జాతీయ గృహమద్య మహోత్సవ పోటీ జరగబోతోంది. నిర్వహణ సంఘం ప్రధాన కార్యదర్శి తక్ సంగ్యూ గారి సందేశం చదువుతున్నాను. 'ఇది పోటీ కాదు. ఒక జాతి తన కుండలోకి తాను తొంగిచూసుకోవడం.' సందేశం అయిపోయింది. ఎవరిదో కుక్క మా ముల్లంగి మడిలో పడింది, వచ్చి తీసుకుపోండి."

తక్ గారు సామాన్యులు కారు. అంతకుముందు జాతీయ కారం పోటీని, దానికి ముందు జాతీయ గొడుగుల పండగని ఒంటిచేత్తో నడిపారు. రెండూ మళ్ళీ జరగలేదు. జరగాల్సిన అవసరం లేనంత సంపూర్ణంగా నడిపారని అర్థం.

విధానం చక్కగా ఉంది. కల్లుని కదిలించకూడదు కాబట్టి న్యాయనిర్ణేతలే ఇంటింటికీ వచ్చి, కుండ పక్కన కూర్చుని రుచి చూస్తారు. గెలిస్తే రాజధాని సోల్‌లో, మంత్రిగారి ముందు, కల్లు పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ పేరు చదువుతారు.

ప్యో సంఘానికి ఫోన్ చేశాడు. "పెట్టినావిడ చచ్చిపోయింది. పేరు చదువుతారా?"

"రుసుము కట్టేవారు బతికున్నారా అండీ?"

"ఉన్నాను."

"అయితే ఇబ్బంది లేదు."

ప్యో మొదటి బిళ్ళ దించాడు. జిగురుబియ్యం ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, బిళ్ళ పొడిచేసి కలిపి, కుండకి దుప్పటి కప్పాడు. వాకిలి ఊడ్చాడు. పెరట్లో మరుగుదొడ్డికి కొత్త తలుపు పెట్టించాడు, న్యాయనిర్ణేతలు కూడా మనుషులే కదా అని. కల్లు పండింది. న్యాయనిర్ణేతలు రాలేదు.

తప్పు వాళ్ళది కాదు. పల్లెలకు తక్కువ ఖర్చుతో వెళ్ళడమెలాగో తెలుసుకోవడానికి తక్ గారు పదకొండుమందితో జర్మనీ వెళ్ళారు. తిరిగొచ్చి నివేదిక ఇచ్చారు. పల్లెలు దూరంగా ఉంటాయని అందులో తేలింది. పల్లెలకు వెళ్ళడానికి ఉంచిన డబ్బు అది తేల్చడానికి అయిపోయింది.

ఈలోగా ప్యో కుండలో కల్లు పులిసి వెనిగర్ అయింది. పక్కింటి చున్‌షిమ్ గిన్నె పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యా, పారబోసేదయితే నాకియ్యి. ముల్లంగి ఊరేసుకుంటా."

"తీసుకుపో."

"వదిన ఉన్నప్పుడు ఇంత పుల్లగా అయ్యేది కాదు."

"అయ్యే లోపల మీరు తాగేసేవాళ్ళు."

"అబ్బో! మాట చూడు, దీనికన్నా పులుపు!" అని చున్‌షిమ్ గిన్నె నింపుకుని పోయింది. బాగుండేదని మాత్రం అనలేదు.

మొదటి సవరణ వివరించడానికి తక్ గారు స్వయంగా జిల్లా భవనానికి వచ్చారు. మనిషి పొట్టి, చిరునవ్వు పొడుగు. వెనకాల తెర మీద నవ్వుతున్న కుండ బొమ్మ. అది పోటీ చిహ్నం. దాని కనుబొమలు ఎలా ఉండాలో తేలడానికే రెండు కమిటీలు పనిచేశాయట.

"ఇకమీదట మేము మీ దగ్గరికి రాం. మీ కల్లే మా దగ్గరికి వస్తుంది. సంఘం ఇచ్చే సీసాలో నింపండి, మూత బిగించండి, పంపండి. రుసుము స్వల్పంగా రెట్టింపయింది."

ప్యో లేచాడు. "బాబూ, కల్లు బతికున్న సరుకు. ఊపిరి పీలుస్తుంది. మూత బిగిస్తే పగులుతుంది."

"పెద్దవారూ, ఆ మూత రూపకల్పనకి బహుమతి వచ్చింది."

"మూతకి వచ్చింది. కల్లుకి చెప్పారా?"

జనం నవ్వారు. తక్ గారు అందరికన్నా ఎక్కువ నవ్వి, ఆ మాట రాసుకోమని పక్కనున్నతనికి చెప్పారు. "ఇదే నాకు కావలసింది. ప్రజల భాగస్వామ్యం!" అన్నారు. తర్వాత మూత ఇంకొంచెం బిగుతు చేయించారు.

ప్యో రెండో బిళ్ళ దించాడు. సీసా నింపాడు. మూత బిగించేటప్పుడు చెయ్యి ఆడలేదు గానీ, పేరు చదవాలంటే ఇంకో దారి లేదు. బిగించి పంపాడు.

దేశం నలుమూలల నుంచీ వచ్చిన సీసాలన్నీ సంఘం కార్యాలయం కింద గదిలో పేర్చారు. వానాకాలం ఉక్కపోత. తక్ గారు పైన పత్రికలవాళ్ళతో మాట్లాడుతుండగా కింద మొదటి సీసా పేలింది. అది పక్కదాన్ని పేల్చింది. నేలంతా తెల్లగా పొంగింది. అక్కడ గోడకి ఆనించిన నవ్వుతున్న కుండ బొమ్మకి ఒక కనుబొమ ఊడింది. మనుషులకేమీ కాలేదు.

కిందికి పరుగెత్తిన తక్ గారు చెక్కుచెదరలేదు. జుట్టులోంచి మెతుకులు తీసుకుంటూనే ప్రకటన చేశారు. "ప్రజల ఉత్సాహం మా అంచనాలను మించిపోయింది."

ఆ వాక్యం మరునాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ప్యో కూడా చదివాడు. కుండలో మిగిలింది ఉక్కకి అప్పటికే పులిసిపోయింది. దూలం వైపు చూశాడు. ఒక్క బిళ్ళ వేలాడుతోంది.

రెండో సవరణ ప్రకారం కల్లుకి బదులు కల్లు ఫోటో పంపాలి. ప్యో పంపలేదు. ఫోటోలో రుచి ఎలా తెలుస్తుందని ఎవరో అడిగితే తక్ గారు, "సరైన ప్రశ్న. దాన్ని పరిశీలించడానికి నిధులు కోరుతున్నాం" అన్నారు. నిధులు వచ్చాయి. వచ్చాక ఆ సవరణని రద్దు చేశారు.

మూడో సవరణ ఆకురాలు కాలంలో మైకులో వచ్చింది. "తుది పోటీ సోల్ ప్రదర్శనశాలలో. పోటీదారులందరూ స్వయంగా హాజరు కావలెను. రుచి విషయమున ఏకరూపత పాటించబడును."

ప్యో మిన్ ఇంటికి వెళ్ళాడు. "ఏకరూపత అంటే ఏంట్రా?"

"అంటే... అందరిదీ బాగుండాలి అని, బాబాయ్."

"మరి అలా చెప్పొచ్చుగా?"

"సర్కారు మాట. అంత బాగా అర్థమైతే ఎలా?"

ప్యో ఆఖరి బిళ్ళ దించాడు. పొడిచేసే ముందు మడమ గుంట మీద బొటనవేలు పెట్టి కాసేపు కూర్చున్నాడు. తర్వాత రోకలి అందుకున్నాడు. ఆ కుండని కూతురి బాలింత గదిలా చూసుకున్నాడు. చలైతే దుప్పటి, ఉక్కపోస్తే కిటికీ. పండాక ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు. అదే. సందేహం లేదు.

ఊరంతా బస్సెక్కింది. చూసొద్దామని కొందరు, ఊరికే భోజనం పెడతారని చాలామంది. ప్యో ఆ కల్లంతా వడగట్టి పోసిన చిన్న కుండని ఒళ్ళో పెట్టుకుని, గుంతలొచ్చినప్పుడల్లా సీటులోంచి లేచి నించున్నాడు.

ప్రదర్శనశాల గేటు దగ్గర కాపలావాడు చెయ్యడ్డం పెట్టాడు. "తాతగారూ, కుండలో ఏంటి?"

"కల్లు."

"బయటి కల్లు లోపలికి రానివ్వమండీ."

"లోపల కల్లు పోటీ జరుగుతోంది కదా?"

"అందుకేనండీ. ఇవాళ మరీ గట్టిగా చూడమన్నారు."

మిగతావాళ్ళు అప్పటికే లోపలికి పోయారు. మైకులో పోటీదారుల్ని పిలుస్తున్నారు. ప్యో కుండని కాపలావాడి బల్ల కింద, గొడుగుల పక్కన పెట్టాడు. "జాగ్రత్త. కదపకు" అన్నాడు.

లోపల ఒక్కో పోటీదారుకి ఒక్కో బల్ల. ప్యో బల్ల మీద అట్టముక్కపై బున్‌రే పేరు, పక్కన 'స్వర్గీయ', కింద 'నలభై ఏళ్ళ అనుభవం' అని అందంగా రాసి ఉంది. ముందు ఇత్తడి కెటిల్. మూత తీసి వాసన చూశాడు. చక్కెర వాసన.

"ఇదేంటమ్మా?" అని అక్కడున్న పిల్లనడిగాడు.

"మీ కల్లు అండీ. అందరికీ ఇదే. వెనకాల స్పాన్సరు కంపెనీ ట్యాంకరుంది."

ప్యో గొంతు లేచింది. తక్ గారు ఎక్కడున్నా ప్రజల గొంతు వినగలరు. చిరునవ్వుతో వచ్చారు.

"పెద్దవారూ, ఇన్ని నెలల అనుభవంతో ఒక సంగతి తేలింది. ఈ పోటీలో ఇబ్బందులన్నిటికీ మూలం పోటీదారులు తెచ్చే కల్లు. అది పులుస్తుంది, పేలుతుంది, పైగా ఒకరిది ఇంకొకరికన్నా బాగుంటుంది. అది అసమానత. కల్లు తీసేశాం. ఖర్చు సగమైంది."

"మరి దేన్ని చూసి బహుమతిస్తారు?"

"రుచి చూసే. రుచి దగ్గర రాజీ పడే ప్రశ్నే లేదు."

న్యాయనిర్ణేతలు బయల్దేరారు. ముందు నడుస్తున్నాయన తెల్లగడ్డం పండితుడు. మొదటి బల్ల దగ్గర గుక్క తాగి మొహం చిట్లించాడు. "తొందరపడ్డారు." రెండో బల్ల దగ్గర తల ఊపాడు. "ఇందులో కోపం ఉందమ్మా."

ఆ బల్లావిడ ఏడ్చేసింది. "నిజమేనండీ. ఆ రోజు మా అత్తగారితో గొడవైంది."

ప్యో బల్ల దగ్గర ఆయన అట్టముక్క చదివాడు. గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుక్క తాగాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"నలభై ఏళ్ళ చెయ్యి," అన్నాడు. "ఇది నేర్పితే వచ్చేది కాదు. ఈ తల్లి ఎవరో గానీ, మడమతో తొక్కింది."

తక్ గారు మైకు దగ్గరికి పరుగెత్తారు. మంత్రిగారు లేచారు. ప్రథమ బహుమతి. "స్వర్గీయ శ్రీమతి బున్‌రే!" అని ఒకసారి, కెమెరాల కోసం ఇంకోసారి చదివారు. పేరు పైకప్పుకి తగిలి తిరిగొచ్చింది.

ప్యోని వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చారు.

కింద ముందు వరసలో ఊరు కూర్చుంది. "గోక్సొంగ్ ఆవిడ పేరు బున్‌రేనా!" అంటున్నాడు మిన్. ప్యో బల్ల మీది కెటిల్‌లోది అందరికీ పంచుతున్నారు. చున్‌షిమ్ గిన్నెడు తాగి, కొంగు లేదు కాబట్టి మఫ్లర్‌తో కళ్ళు తుడుచుకుంది.

"అన్నయ్యా!" అని అక్కడినుంచే అరిచింది. "అచ్చం వదిన చెయ్యే! ఇన్నేళ్ళూ నోరు తెరిచి చెప్పలేదు గానీ, ఇలాంటి కల్లు ఈ దేశంలో లేదు!"

"లేదు, లేదు!" అంది ఊరు.

ప్యో మైకు నోటిదాకా తెచ్చాడు. నిజం రెండు మాటలు. ఆ రెండు మాటలూ అంటే ఇప్పుడు చదివిన పేరు కూడా ట్యాంకరులోకి పోతుంది. చున్‌షిమ్ మొహం చూశాడు. వంగి ఒక నమస్కారం పెట్టి మైకు వెనక్కిచ్చేశాడు.

"వినయం!" అన్నారు తక్ గారు, మంత్రిగారితో.

సాయంత్రం గేటు దగ్గర కాపలావాడు కుండని రెండు చేతులతో అందించాడు. మర్యాదస్తుడు. "నిబంధన ప్రకారం పారబోశాం తాతగారూ. కుండ మాత్రం మూడుసార్లు కడిగించా."

గేటు పక్కన మురుగు జాలీ చుట్టూ సిమెంటు ఇంకా తెల్లగా ఉంది.

ఊరు బస్సువైపు వస్తోంది. అందరి చేతుల్లోనూ కంపెనీ ఇచ్చిన సీసాలు. చున్‌షిమ్ జాలీ దగ్గర ఆగి ముక్కు మూసుకుంది.

"థూ! ఎవరో పాడైన కల్లు పారబోశారు అన్నయ్యా. ఎంత కంపో చూడు. ఇలాంటివాళ్ళు కూడా పోటీకి వస్తారు!"

"బస్సెక్కు," అన్నాడు ప్యో.

దారిపొడుగునా పాటలు పాడారు. మరునాడు మిన్ వచ్చి, వచ్చే పండక్కి గోక్సొంగ్... కాదు, బున్‌రే పిన్ని కల్లు పెట్టే పద్ధతి ఊరికి నేర్పమన్నాడు.

"ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తకు."

"అది కాదు బాబాయ్, అంత గొప్ప..."

"ఎత్తొద్దన్నాను."

మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.